మామ అంబాసిడర్‌కు కొత్త సీట్లు

సొంత మామను ఆయన కారులనే నలిపేసిన అల్లుడు మా జిల్లాల నేనొక్కన్నే ఉంట. కావాల్నని చేసింది కాదు, ముందే చెప్తున్న. ప్రేమతోనే చేసిన.

హత్నూరల మా మామకు పాత అంబాసిడర్ ఉన్నది. ఆ కారంటే నాకు పాణం. మామకేమో నడుం నొప్పి, సీటేమో గుంతలు పడ్డది. "అల్లుడూ, నా నడుముకు సుఖమయ్యే సీటు ఎయ్యి, కారు నీకే ఇస్త" అన్నడు ఒకనాడు. ఇగ నేను ఆగుతనా? పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఎలక్ట్రీషియన్‌ను నేను. ఇస్నాపూర్ స్క్రాప్ దుకాణంల కొత్త మోడల్ కారు సీట్లు రెండు పట్టుకొచ్చిన. డ్రైవర్ సీటుకైతే కింద మోటర్, బటన్ ఒత్తితే ముందుకు జరుగుతదట.

బోల్టులు బిగించిన. బటన్ పలిగిపోయి ఉన్నది గాబట్టి మోటర్‌ను చేతికందిన వైరుకు డైరెక్టుగ కలిపిన. సీటు కదల్లే. మోటర్ కాలిపోయి ఉంటదని వదిలేసిన. ఫ్యాక్టరీల గిట్ల వదిలేస్తే సూపర్‌వైజర్ తిడ్తడు. ఇది అత్తగారిల్లు, ఎవరడుగుతరు?

మామ కూసొని "సోఫా లెక్కున్నది" అని మురిసిండు. పక్కన అత్తమ్మ, వెనక నేను. బయలెల్లినం.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలె. మా మామ నడిచిపోతే మనుషులను నోటితోని పలకరిస్తడు, కారుల పోతే హారన్‌తోని. కొట్టకుంటే ఊరోళ్లు అలుగుతరు.

టైలర్ కనవడ్డడు, మామ హారన్ కొట్టిండు.

"ఏమయ్యా, ముందుకు వంగుతున్నవేంది?" అన్నది అత్తమ్మ.

"నేనేడ వంగిన? స్టీరింగే దగ్గరికొస్తున్నది."

"పాత సీటు అలవాటు గదా మామా, గట్లనే అనిపిస్తది" అన్న నేను, అన్నీ తెలిసినోని లెక్క.

పాలాయనకు హారన్ కొట్టిండు. మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలినయి.

"అల్లుడూ, నేను లావైతున్ననా?"

"పొద్దుగాల గన్ని పూరీలు తింటే కాకేంజేస్తవ్" అన్నది అత్తమ్మ.

నాకేం సమజైతలేదు. బోల్టులు లూజైనయేమోనని వంగి సీటు కిందికి చూస్తున్న. అంతల బస్టాండ్ వచ్చింది. అక్కడ మామకు ఎరుకలేని మనిషి లేడు. వరుసగ హారన్లు. ఇగ మామ పొట్ట పోయి హారన్ మీద ఆనింది. హారన్ మోగినకొద్దీ సీటు జరుగుతున్నది, సీటు జరిగినకొద్దీ హారన్ మోగుతున్నది. మామ ఎట్లనో బ్రేకు తొక్కి ఆపిండు.

బస్టాండంతా లేచి నిలబడ్డది. "అందరం దండం పెట్టినం గదా, ఇంకెంతసేపు పలకరిస్తడు?" అని టీ కొట్టాయన పరేషాన్.

చేతికందిన ఆ వైరు హారన్‌దని నాకప్పుడు సమజైంది. ఉరికిపోయి బ్యాటరీ వైరు పీకిన. హారన్ ఆగింది, సీటు మాత్రం వెనక్కు రాలే. నలుగురు కలిసి మామను బయటికి గుంజిన్రు.

మామ చొక్కా సదురుకొని, "మాటంటే మాటే అల్లుడూ. సగం కారు నీకే" అన్నడు. నా పాణం లేచొచ్చింది. ఆ సగం తెల్లారి ఆటోల వచ్చింది. ఇప్పుడు పాత సీటు హత్నూరల కారులున్నది, కొత్త సీట్లు ఇస్నాపూర్ల నా కిరాయి రూంల ఉన్నయి. వాటి మీద కూసొనే టీవీ చూస్తున్న.

మీ అందరి ముందట ఒట్టేస్తున్న. ఏ వైరు దేనిదో తెల్వకుండ ఇగ ముట్టుకోను. ఎవరన్న కారెక్కమంటే, ముందుగాల బయట నిలబడి హారన్ కొట్టి చూస్త. సీటు కదలకుంటేనే కూసుంట.