జీరో టికెట్టు మీద పెట్రోలు ట్యాంకు

జగ్గయ్యపేట నుంచి నందిగామకి పెట్రోలు ట్యాంకు ఒళ్లో పెట్టుకుని వెళ్లిన ఆడమనిషి నాకు ముందు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. ఇకముందు వెళ్లాల్సిన వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ట్యాంకు మా మామగారి నాటి కారుది. ఆ కారంటే మా ఆయనకి ప్రాణం. దాన్ని నిలిపే చోటు మాత్రం మా వంటింటి కిటికీ కింద. ట్యాంకు అడుగున తుప్పు పట్టి చుక్కచుక్కగా కారడం మొదలైంది. సబ్బు రుద్దితే చిల్లి మూసుకుంటుందని ఎవరో చెబితే, నా ఒంటిసబ్బులన్నీ దానికే అరగదీశారు. నేను గ్యాసు పొయ్యి ముట్టించడానికి భయపడి, పది రోజులుగా పెరట్లో కట్టెలు పెట్టి వండుతున్నాను. "ఉత్త వాసనకే అంటుకుంటుందా? అంతా నీ చాదస్తం," అంటారాయన. పొగకి నేను దగ్గుతుంటే పేపరు చదువుకునేవారు.

చివరికి మెకానిక్కు ట్యాంకు ఊడదీసి, ఇలాంటి వాటికి అతుకు వేసే మనిషి నందిగామలోనే ఉన్నాడని చెప్పాడు. రెండు రోజులు ఎండలో బోర్లించి ఆరబెట్టాం.

"నువ్వెళ్లిరా. ఆడాళ్లకి బస్సు ఫ్రీ కదా. నేనెళ్తే టికెట్టు దండగ," అన్నారు మా ఆయన. ఉచిత బస్సు ఆడవాళ్ల కోసం పెట్టారని అంతవరకూ నమ్మేదాన్ని.

పొద్దున ఎనిమిదింటికి ట్యాంకుని పాత దుప్పట్లో మూటగట్టి బస్సెక్కాను. నిలబడటానికే చోటు లేదు. చిల్లకల్లు దాటాక కండక్టరు వచ్చి, నాకు జీరో టికెట్టు కొట్టి, మూట వైపు అనుమానంగా చూశాడు.

"ఏంటమ్మా అది, డోలా?"

"పెట్రోలు ట్యాంకండి. ఖాళీదే."

ఆ మాటకి పక్కనున్న ముగ్గురి సీటు మొత్తం ఖాళీ అయింది. నేను కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను. రద్దీ బస్సులో సీటు కావలసిన వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, "దింపెయ్యవయ్యా ఆవిణ్ణి! మా ప్రాణాలంటే లెక్కలేదా?" అని కేకలేశాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. మా ఇంట్లో ఆ మాట అనేది నేనొక్కదాన్నే. తోడు దొరికినట్టనిపించింది.

కండక్టరు మూత తీయించి చూశాడు. "మీకంటే ఫ్రీ గానీ, దీనికి లగేజీ కొట్టాల్సిందేనండి. కిటికీ పూర్తిగా తీసుకుని కూర్చోండి." మా ఆయన మిగిల్చిన టికెట్టు డబ్బులు అక్కడితో సరి.

తొమ్మిది దాటాక నందిగామలో దిగి, ఆటోలో వెల్డింగు షెడ్డుకి వెళ్లాను. షెడ్డు యజమాని సుభాని ట్యాంకుని ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇది ట్యాంకు కాదమ్మా, జల్లెడ. సార్ రాలేదా?"

"టికెట్టు దండగని రాలేదండి."

ఆయన చాలాసేపు నవ్వాడు. కొత్తది వేయిస్తే మేలు కదా అని అడిగాను.

"ఈ మోడలుకి ట్యాంకు ఎక్కడ దొరుకుద్దమ్మా? మార్చాలంటే కారే మార్చాలి."

"ఆ ముక్క ఫోన్ చేసి మా ఆయనకి చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"చెప్తే నా బేరం పోద్దిగా!" అని, కడగడానికి లోపలికి తీసుకుపోయాడు.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర మెస్సులో భోజనం చేశాను. ముద్దపప్పు, గోంగూర, దొండకాయ వేపుడు. వేరేవాళ్లు వండి, వేడిగా వడ్డించి, పెరుగు కావాలా అని అడిగారు. పది రోజుల తర్వాత పొగ లేని చోట అన్నం తింటుంటే నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడే మా ఆయన ఫోను. "జాగ్రత్త, సొట్ట పడుద్దేమో!" నేను తిన్నానో లేదో ఆయన అడగలేదు.

నేను తిరిగి వెళ్లేసరికి సుభాని అతుకు వేసేసి, నీళ్లు నింపి చూపించాడు. ఎక్కడా చెమ్మ లేదు. మూడింటి బస్సెక్కి మళ్లీ లగేజీకి డబ్బులు కట్టి, నాలుగు దాటాక జగ్గయ్యపేటలో దిగాను. మా ఆయన స్కూటరేసుకుని ఎదురొచ్చారు. సంతోషపడబోయేంతలో, నేను కూర్చునే చోట ట్యాంకుని పెట్టి తాడుతో కట్టేశారు.

"నువ్వు ఆటోలో వచ్చెయ్. మెకానిక్కు ఎదురుచూస్తున్నాడు," అని వెళ్లిపోయారు.

ఒళ్లు మండిపోయింది. ఎదురుగా వేదాద్రి బస్సు కనపడితే ఎక్కేశాను. అక్కడ మా అక్క ఉంటుంది. ఆ బస్సుకీ జీరో టికెట్టే. ఈసారి లగేజీ లేదు.

రాత్రి భోజనాలవుతుండగా ఫోనొచ్చింది.

"బిగించేశాం. చుక్క కారట్లేదు. అంతా నీ చాదస్తమని చెప్పానా లేదా? ఎక్కడున్నావ్?"

"అక్క దగ్గరున్నా. ఎటూ కారట్లేదుగా, వంటింట్లో గ్యాసు ముట్టించుకుని ఇంత అన్నం వండుకోండి."

"ఇప్పుడెందుకులే. బజార్లో ఇడ్లీ తెచ్చుకుంటా," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "పొయ్యంటావా... రేపు నువ్వొచ్చాక నువ్వే ముట్టిద్దువుగాని."

వేదాద్రి నుంచి పొద్దున్నే బస్సు ఉందని అక్క చెప్పింది. దాని తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి ఉన్నాయట. అన్నీ ఉచితమే. నాకు తొందరేమీ లేదు.