చెవి కత్తిరించిన కుక్కల వీధి

పిల్లలు అతన్ని వలమామ అంటారు. మునిసిపాలిటీ వ్యాను వెనక వల పట్టుకుని నిలబడే మనిషి. వీధికుక్కల్ని పట్టి ఆసుపత్రికి చేర్చాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, పిచ్చి రాకుండా సూదీ అయ్యాక, గుర్తుగా చెవి కొన కత్తిరించిన వాటిని ఎక్కడ పట్టాడో అక్కడే దింపాలి. మొదటి సగం పని అందరికీ నచ్చుతుంది. రెండో సగం చేస్తున్నప్పుడు కిటికీల్లోంచి తిట్లు రాలతాయి.

తిరిగి ఎందుకు దింపాలో పశువుల డాక్టరమ్మ కొత్తలోనే చెప్పింది. వీధిలో ఎన్ని కుక్కలుండాలన్నది కుక్కలు తేల్చుకునేది కాదట. అక్కడి ఎంగిలీ నీడా ఎన్నింటిని సాకగలవో అన్ని ఉంటాయి. ఉన్నవాటిని తీసేసినా తిండి అక్కడే ఉంటుంది. ఆ వాసనకు పక్కవీధివి వస్తాయి, వచ్చినవి ఈనతాయి. అదే ఉన్నవాటిని ఉంచి, ఈనకుండా చేస్తే, కొత్తవాటిని అవే రానివ్వవు. ముసలివవుతూ మెల్లగా తగ్గిపోతాయి. అతను తలూపాడు. తర్వాత చేసింది తెలియక చేసింది కాదు మరి.

అతను అద్దెకున్న వీధి మలుపులో మాంసం కొట్టు. దాని చెత్తతొట్టి దగ్గర నాలుగైదు చెవి కత్తిరించిన కుక్కలు, వాటికి పెద్దదిక్కుగా ఒక చారల ముసలిది. ఏళ్లుగా ఆ వీధిలో కుక్కపిల్ల కుయ్యిమన్నది లేదు. కానీ రాత్రిళ్లు మొరుగుతాయి. ఇంటావిడకు నిద్ర పట్టదు.

"ఊళ్లో కుక్కలన్నీ పడతావు, నా గుమ్మం ముందువి నీకు చుట్టాలా?" అంది ఒకరోజు మెట్ల మీద నిలబడి. "నెలాఖరుకి అవైనా పోవాలి, మీరైనా పోవాలి. నీ ఇష్టం."

భార్యకు నెలలు నిండుతున్నాయి. కుళాయి ఉన్న గది ఆ అద్దెకు మళ్లీ దొరకదు. "మీ డాక్టరమ్మ మనకు గది ఇస్తుందా?" అందామె, కూర తరుగుతూ తలెత్తకుండా.

సెలవురోజు మధ్యాహ్నం, వీధంతా తలుపులేసుకుని కునుకు తీస్తుండగా, డ్రైవర్ని బతిమాలి వ్యాను తెప్పించాడు. వల అవసరం పడలేదు. రోజూ చూసే మనిషి, చేతిలో ఎముకలు. చారలది ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, తనూ ఎక్కింది.

ఊరు దాటి, రాళ్ల క్వారీ అవతల తలుపు తీశాడు. ఇదివరకు అవి వ్యాను దిగితే ఎదురుగా తమ గోడే ఉండేది. ఇక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. చారలది దుమ్ములో ముక్కు పెట్టి గుండ్రంగా తిరిగింది, ఆ మట్టిలో ఎక్కడో తన వీధి పూడిపోయినట్టు. వ్యాను కదిలాక వెనక పరుగుల చప్పుడు కొంతదూరం వచ్చింది. తర్వాత ఇంజను చప్పుడే మిగిలింది.

వీధి సద్దుమణిగింది. పుట్టబోయే బిడ్డకని ఇంటావిడ మెత్తటి పాత చీరలిచ్చింది. మాంసం కొట్టువాడు ఎప్పటిలాగే తొట్టి నింపాడు.

వానలు వెనకబట్టేలోపు కొత్తవి వచ్చేశాయి, నిండు చెవులతో. తొట్టి కోసం ఒకదాన్నొకటి చీరుకున్నాయి. కాలవ పక్కన ఒకటి ఈనింది. అటుగా అడుగేసిన ఎవరినీ అది ఊరుకోలేదు. చివరికి ఇంటావిడ పిక్కే కరిచి పట్టుకుంది.

సూది వేయించుకుని వచ్చాక ఆమె అరవలేదు. "కుక్కలవాణ్ణి ఇంట్లో పెట్టుకున్నాను చూడు, నాకు కావలసిందే. సామాను సర్దుకో," అంది.

ఆ వారమే డాక్టరమ్మ వ్యానుతోపాటు ఆ వీధికి వచ్చింది. మనం ఆపరేషను చేసినవి ఏవయ్యా అని అడిగింది. జబ్బు చేసి చచ్చిపోయాయన్నాడు, వల చిక్కు తీస్తూ. ఆమె నమ్మింది. అయ్యో అనుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమంది.

ఊరి ఆ చివర దొరికిన గదికి నీళ్లు మోసుకోవాలి. ఏం పనని అడిగితే వ్యాను మీద పని అని చెప్పమంది భార్య. అలాగే చెప్పాడు. కొత్త ఇంటాయన నెమ్మదస్తుడు. తాళం చేతికిస్తూ, గుమ్మం పక్కన పడుకున్న రెండు కుక్కల్ని చూపించాడు. వాటికీ చెవి కొనలు లేవు.

"వీటిని ఎక్కడైనా దూరంగా వదిలేసొచ్చేవాళ్లు మీకెవరైనా తెలుసా?"

అతను పసిబిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"తెలియదండీ," అన్నాడు.