ఒకటో ప్రశ్నను వదిలేసిన నాగేశ్వరి

అమీర్‌పేటలో పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నిజం చెప్పాలంటే, లెక్కలు చేయడం కన్నా వదిలేయడమే ఎక్కువగా చెబుతున్నాను. మూడు గంటల పేపర్లో దేన్ని ముట్టుకోకూడదో తెలిసినవాళ్లే గట్టెక్కుతారని నా నమ్మకం. ఆ మాటను నా మొహం మీదే కాదన్నది ఒక్క నాగేశ్వరి.

ఆమెకు నలభై ఆరేళ్లు. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. పదో తరగతి పాసైతే రికార్డ్ అసిస్టెంట్ అవుతుంది. ఓపెన్ స్కూల్లో మిగతావన్నీ పాసై, లెక్కల్లో మాత్రం మూడుసార్లు తప్పింది. డిసెంబరులోగా మార్కుల మెమో చూపించకపోతే ఆ పోస్టు ఇంకొకరికి వెళ్లిపోతుంది. సూపరింటెండెంటు జోగారావు "ఈ వయసులో నీకెందుకమ్మా చదువు, ముందు టీ పట్రా" అన్నాడట. అది నాకు చెబుతున్నప్పుడు కూడా ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

మొదటిరోజు పాత పేపరు ఇచ్చి కూర్చోబెట్టాను. గంట తర్వాత చూస్తే ఇంకా ఒకటో ప్రశ్న దగ్గరే ఉంది. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, నాలుగు పేజీలు నింపింది. నాకు ఒళ్లు మండింది.

"రానిదాన్ని పట్టుకుని వేలాడతారేంటండీ? పక్కన పెట్టి ముందుకెళ్లండి."

"గట్లెట్ల సార్? ముందు వచ్చిన ఫైలు ముందు పోవాలె. ఇరవై రెండేండ్ల సంది గట్లనే చేస్తున్న. వరుస తప్పితే మా ఆఫీసుల ఊకుంటరా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈమెను మూడుసార్లు తప్పించింది లెక్కలు కాదు, డ్యూటీ!

"మరి ఏదైనా కాగితం తక్కువైన ఫైలు పట్టుకుని రోజంతా సార్ గది ముందు నిలబడతారా?"

"ఎందుకు నిలబడ్త? దాన్ని టేబుల్ మీద పెట్టి, సంతకమయ్యేటివి పట్కపోత."

"ఇదీ అంతే."

ఆమె నా వైపు కాసేపు గుర్రుగా చూసింది. తర్వాత పేపరంతా చదివి, వచ్చినవాటికి టిక్కు, సగం వచ్చినవాటికి చుక్క పెట్టుకుంది. రానివాటిని అలాగే వదిలేసింది. పరీక్షకు మిగిలిన రెండు నెలలూ ఆఫీసు అయ్యాక పంజాగుట్ట మీదుగా నడిచి వచ్చి రోజుకో పేపరు రాసింది.

పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఆమె పక్కన ఆగిందట.

"ఒకటోది ఖాళీ పెట్టి పదకొండోది రాస్తున్నరేంది ఆంటీ? వరుసగ రాయండి. దిద్దేటోళ్లు పరేషాన్ అయితరు."

"నంబరు పెద్దగ ఏసిన మేడమ్. దిద్దేటోళ్లకు కండ్లున్నయి. జర నన్ను రాసుకోనియ్యండి."

టిక్కులన్నీ పూర్తి చేసి చుక్కల దగ్గరికి వచ్చింది. చివరి పది నిమిషాలు మిగిలితే ఒకటో ప్రశ్న వైపు కన్నెత్తి చూడలేదు. రాసినవే మొదటినుంచి సరిచూసుకుంది. ఒకచోట మైనస్ గుర్తు మర్చిపోయింది. అది దొరకగానే దిద్దిందట.

ఫలితాలు వచ్చిన మర్నాడు నన్నూ వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. జోగారావు కళ్లద్దాలు పెట్టుకుని మెమో తిప్పి తిప్పి చూశాడు. "ముప్పై ఎనిమిదేనా?" అని పెదవి విరిచాడు. నాకు కోపం ముంచుకొచ్చింది, కానీ ఆమె నాకు అవకాశం ఇవ్వలేదు.

"పాసుకు మీరు ముప్పై అయిదు అడిగిండ్రు, నేను ముప్పై ఎనిమిది తెచ్చిన. ఇగ మీరు ఇయ్యాల్సింది ఇయ్యండి సార్."