మంచుకొండల మీద పెనాత్ వెంకటరావు

వెంకటరావు అంకుల్‌కి ఒకటే అలవాటు. ఆయన ఎప్పుడూ అలసిపోయి ఉంటారు.

అందరం అలసిపోతాం, అదేం అలవాటు అంటారేమో. మనం పని చేసి అలసిపోతాం. ఆయన పని మొదలుపెట్టకముందే అలసిపోతారు. సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. అంకుల్ లిఫ్టులో పైకొచ్చి, లిఫ్టులోంచి బయటికి అడుగుపెట్టగానే గోడకి చెయ్యి ఆనించి "పెనాత్ లా" అంటారు. పెనాత్ అంటే మలయ్ భాషలో అలసట. లా అన్నది సింగపూర్ వాళ్ళు ప్రతి మాటకీ తగిలించే తోక. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి సింగపూర్ వచ్చిన మనిషి. ఆ ఇంట్లో తెలుగు మూడు తరాలుగా నిలబడే ఉంది కానీ, మధ్యలో మలయ్ మాటలూ తమిళ మాటలూ వచ్చి తలా ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాయి. అన్నిటికన్నా పెద్ద కుర్చీ పెనాత్‌ది.

ఇలాంటి మనిషి ఏ పరుపుల దుకాణమో పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆయన పెట్టింది జనాన్ని మంచుకొండలు ఎక్కించే కంపెనీ.

ప్రతి చలికాలం సింగపూర్ నుంచి కొంతమందిని జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడోకి తీసుకెళ్తాం. అంతకుముందు స్కీయింగ్ చేసిన అనుభవం ఉన్నవాళ్ళనే. ఎందుకంటే ఇక్కడ పైకి మోసుకెళ్ళే లిఫ్టు ఉండదు, తాళ్ళు కట్టిన దారి ఉండదు. స్కీల అడుగున నూగు పట్టీలు అంటించుకుని, వెనక్కి జారకుండా అడవిలోంచి కొండంతా మనమే ఎక్కాలి. పైకెళ్ళాక ఆ పట్టీలు పీకేసి, ఎవరూ తొక్కని మంచులో జారుకుంటూ దిగాలి. మధ్యమధ్యలో జపాన్ మర్యాదలు చూపిస్తాం. ఒకరోజు టీ వేడుక, ఒకరోజు గుళ్ళో ధ్యానం, ఒకరోజు సోబా నూడుల్స్ చేయడం, ప్రతి సాయంత్రం వేడినీటి ఊటలో స్నానం.

నా పేరు తన్మయి. హైదరాబాద్‌లో ఉండగా జపనీస్ నేర్చుకున్న పాపానికి ఆయన దగ్గర ఉద్యోగం దొరికింది. నా ఉద్యోగం సగం దుబాసీ పని. మిగతా సగం మా గుంపులోని శాకాహారుల కోసం ప్రతి హోటల్లోనూ వంటింటి దాకా వెళ్ళి "సూప్‌లో చేప వేశారా?" అని అడగడం. వేసే ఉంటారు. అక్కడ అన్నిట్లోనూ వేస్తారు. ఇన్నేళ్ళ తరవాత ఆ ప్రశ్న నోట్లోకి వచ్చేసరికే నాకు నీరసం వచ్చేస్తుంది. దానికి తోడు అంకుల్ అలసట. ఆయన అలసట చూసి చూసి నేను అలసిపోయాను.

ట్రిప్పుకి ముందు తర్ఫీదు ఉంటుంది. సింగపూర్‌లో కొండల్లేవు కాబట్టి జురాంగ్ ఈస్ట్‌లో అంకుల్ ఉండే బ్లాకు మెట్లే మా కొండ. వీపు మీద బియ్యం బస్తా కట్టుకుని చెమటలు కక్కుతూ ఎక్కాలి. అంకుల్ ముందు నడుస్తారు. నడుస్తారని చెప్పడం మర్యాద కోసం. కొన్ని అంతస్తులు ఎక్కగానే మెట్టు మీద చతికిలబడి, "పెనాత్ లా, రొండు నిమసాలు ఉండండి" అంటారు. మొదటిసారి ఆయన్ని చూసి పక్క ఫ్లాట్‌లోని చైనా ముసలావిడ అంబులెన్సుకి ఫోన్ చేయబోయింది. తరవాత అలవాటైపోయి గుమ్మం బయట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచేది.

"అంకుల్, మీరే ఇలా కూర్చుంటే వాళ్ళకి మన కంపెనీ మీద నమ్మకం ఎలా కలుగుతుంది?" అని అడిగాను.

"నమ్మకం కూకుంటే పోద్దేటి? పడితే పోద్ది గాని" అన్నారు, కుర్చీలో సర్దుకుంటూ.

జపాన్‌లో నా అవస్థ ఇంకా ఎక్కువ. టీ వేడుకలో మోకాళ్ళు ముడుచుకుని మడమల మీద కూర్చోవాలి. కిమోనో కట్టుకున్న పెద్దావిడ గిన్నెని నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. గదిలో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయరు. ఆ నిశ్శబ్దంలో "పెనాత్" అని వినిపిస్తుంది. అంకుల్ రెండు కాళ్ళూ బారజాపేస్తారు. ఆయన్ని చూసి మావాళ్ళందరూ హమ్మయ్య అని కాళ్ళు చాపేస్తారు. నేను తల వంచి ఆవిడకి క్షమాపణలు చెబుతాను. ఆ క్షమాపణల్లో నేను ఎంత ఆరితేరానంటే, జపనీస్‌లో మిగతా మాటలు మర్చిపోయినా ఆ ఒక్కదాంతో బతికేయగలను.

గుళ్ళో ధ్యానం దగ్గర ఒక పెద్దాయన బద్దలాంటి కర్ర పట్టుకుని మన వెనక తిరుగుతూ ఉంటారు. కునికితే భుజం మీద ఒకటి వేస్తారు. అంకుల్ భుజం మీద పడింది. ఆయన కళ్ళు తెరవకుండానే, "తన్మయీ, ఇంకోటి కాస్త కిందకి ఎయ్యమను. పట్టేసింది అక్కడే" అన్నారు.

ఏం చెప్పను? "ఈయన మీకు ఎంతో రుణపడి ఉన్నానంటున్నారు" అని చెప్పాను. పెద్దాయన సంతోషించి ఇంకోటి వేశారు. సరిగ్గా పట్టేసిన చోటే పడింది.

ఇలా జరిగిపోతుండగా మొన్న ఫిబ్రవరి ట్రిప్పులో బాలు గారు వచ్చారు.

బాలు గారు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పెద్ద ఉద్యోగి. చేతికి ఒక వాచీ ఉంటుంది. అది ఆయన గుండె, ఊపిరి, నిద్ర, అన్నీ కొలిచి ఆయనకే చెబుతుంది. కొండ ఎక్కితే కొస దాకా ఎక్కాల్సిందే అని విమానంలోనే నాతో చెప్పారు. ఆ గుంపులోనే హైమావతి ఆంటీ కూడా ఉన్నారు. స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. మెత్తని మనిషి. తన వల్ల ఎవరికైనా కాస్త ఆలస్యమైతే ఆ రోజంతా బాధపడే రకం.

మొదటి రోజు కొండ మీద అంకుల్ తన ధోరణిలో తాను ఆగుతూ వచ్చారు. చెట్టు కనిపిస్తే ఆగడం, చెట్టు లేకపోతే చెట్టు లేదని ఆగడం. రెండో రోజు బాలు గారికి ఓపిక నశించింది.

"అంకుల్, నా వాచీ ప్రకారం మనం నడిచిన టైం కన్నా కూర్చున్న టైం ఎక్కువ."

"దానికి కూడా రెస్ట్ ఇయ్యి బాబూ. పొద్దున్నించీ పనిచేస్తంది పాపం."

అందరూ నవ్వారు. బాలు గారు నవ్వలేదు. ఆ రోజు కూడా కొస చేరకుండానే దిగిపోయాం.

ఆ సాయంత్రం మేం దిగిన సత్రంలో భోజనాల దగ్గర బాలు గారు మెల్లగా కదిపారు. "అంకుల్, ఏమీ అనుకోకండి. రేపు ఆఖరి కొండ. మీరు రోజూ ఇంత అలసిపోతున్నారు. రేపు ఇక్కడే ఉండి రెస్ట్ తీసుకోండి. గైడ్ కుదో గారు మాతో ఎలాగూ ఉంటారు."

అందరూ సూప్‌లోకి చూస్తున్నారు. నాకైతే, నిజం చెప్పాలంటే, ఒక్క రోజు ఆ పెనాత్ మాట వినకుండా కొండెక్కొచ్చు కదా అనిపించింది.

"మంచి మాట సెప్పావు బాబూ" అన్నారు అంకుల్. "నాకూ ఓపిక లేదు." తరవాత నా వైపు వంగి, "నువ్వు అందరికన్నా ఎనకాల నడు. ముందుకి పోకు" అన్నారు. కుదో గారితో కూడా ఏదో గొణిగారు. కుదో గారు ఇరవై ఏళ్ళుగా మా కంపెనీకి గైడు. అవసరమైతే తప్ప పెదవి విప్పరు. ఆయన తల మాత్రం ఊపారు.

పొద్దున్న బయల్దేరాం. ఆకాశం బాగానే ఉంది. కుదో గారు ముందు, ఆయన వెనక బాలు గారు, అందరికన్నా వెనక నేను. మొదట్లో హాయిగా అనిపించింది. ఎవరూ కూర్చోవడం లేదు, ఎవరూ మూలగడం లేదు. మంచు మీద స్కీలు రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

కుదో గారు అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి "దైజోబు?" అనేవారు. బాగానే ఉన్నారా అని. అందరూ "దైజోబు" అనేవారు. ఎక్కుతూనే ఉన్నాం. గాలి మొదలైంది. నా తొడలు వణుకుతున్నాయి. కానీ నేను కంపెనీ మనిషిని. కస్టమర్లు నడుస్తుంటే నేను ఆగుదామని ఎలా అంటాను?

ముందున్న హైమావతి ఆంటీ మొహం పాలిపోయింది. "ఆంటీ, ఆగుదామా?" అన్నాను.

"నా కోసమా? వద్దమ్మా. నా వల్ల అందరూ ఆగారని అనిపించుకోలేను. బాలు గారిని అడుగు."

కష్టపడి ముందుకెళ్ళి బాలు గారిని అడిగాను.

"నాకేం, ఫైన్. ఆంటీకి కావాలంటే ఆగుదాం" అన్నారు. ఆ మాట ముద్దముద్దగా వచ్చింది.

వెనక్కి వెళ్ళి ఆంటీని చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఎవరి కోసం ఆగాలో తేలలేదు. మళ్ళీ నడిచాం. కాసేపటికి మంచులో ఒక నల్లటి గ్లవ్ పడి ఉంది. బాలు గారిది. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, ఇదేమిటన్నట్టు చూస్తూ నిలబడ్డారు. ఆయన వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి ఉత్తి చేత్తో నడుస్తున్నారో ఆయనకే తెలియదు.

అప్పుడు నాకు భయం వేసింది.

"పెనాత్" అన్నాను గట్టిగా. "నేను అలసిపోయాను. ఇక నా వల్ల కాదు." మంచులో కూర్చుండిపోయాను.

అంతే. ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. హైమావతి ఆంటీ ఏకంగా పడుకున్నారు. కుదో గారు పరుగున వెనక్కి వచ్చి బాలు గారి కోటు విప్పి చూశారు. లోపలి చొక్కా చెమటతో తడిసి, చల్లటి గాలికి మంచు ముద్దయింది. తన సంచీలోంచి పొడి బట్టలు తీసి తొడిగి, చేతిని వెచ్చబరిచి గ్లవ్ వేసి, వేడి పంచదార నీళ్ళు తాగించారు. "ఈరోజు కొస లేదు" అన్నారు. బాలు గారు లేవబోయారు. కాళ్ళు నిలబడలేదు.

కుదో గారు సాయం కోసం చుట్టూ చూడలేదు. దిగువనున్న చెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఎందుకో కాసేపటికి తెలిసింది.

చెట్ల మధ్యలోంచి ముందుగా ఒక పొట్ట వచ్చింది. దాని వెనకే వెంకటరావు అంకుల్. వీపు మీద పెద్ద సంచీ, నడుముకి కట్టిన తాడు, తాడు చివర మంచు మీద మనుషుల్ని లాగే బండి. మేం పొద్దంతా ఎక్కిన ఏటవాలు మీద, సంతకెళ్ళే మనిషిలా చకచకా వస్తున్నారు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నారు.

తలెత్తి మమ్మల్ని చూశారు. వెంటనే పాట ఆగింది. నడుం వంగింది. రెండు దగ్గులు దగ్గి, కర్రల మీద వాలి, "పెనాత్ లా" అని చతికిలబడ్డారు.

"మీరెప్పుడు బయల్దేరారండీ?" అన్నారు హైమావతి ఆంటీ పడుకునే.

"టిఫిన్ అరగలేదమ్మా. నాలుగడుగులేద్దారని వొచ్చాను" అన్నారు, సంచీలోంచి ఒక్కో ఫ్లాస్కూ తీస్తూ.

అప్పుడు కుదో గారు నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. నా వైపు తిరిగి జపనీస్‌లో చెప్పారు. "తన్మయి గారూ, ఆయన మాట నమ్మకండి. కస్టమర్లు లేనప్పుడు కొండ మీద ఆయన నాకన్నా ముందుంటారు. ఆగమని నేనే బతిమాలతాను. వెనక నడిచేవాళ్ళ ఊపిరి చప్పుడు మారగానే ఆయన అలసిపోతారు. ఆ మాట ముందు ఆయన అనేస్తే, ఇంకెవరూ అనక్కర్లేదు కదా."

నేను అంకుల్ వైపు చూశాను. ఆయనకి జపనీస్ ఆ మాత్రం వచ్చు. ఫ్లాస్కు మూత తిప్పడం ఆపి, వద్దన్నట్టు కళ్ళతోనే చెప్పారు.

"ఏమంటున్నారమ్మా ఆయన?" అన్నారు ఆంటీ. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

"అంకుల్ బాగా అలసిపోయారట" అన్నాను. "ఆయన కోసం ఇంకాసేపు కూర్చుందామంటున్నారు."

"అయ్యో పాపం, కూర్చుందాం" అన్నారు ఆంటీ, ఎంతో జాలిగా.

బాలు గారిని బండిలో పడుకోబెట్టి దుప్పట్లు కప్పి కట్టారు. కుదో గారు ముందు తాడు పట్టుకున్నారు, అంకుల్ వెనక తాడు పట్టుకున్నారు. బండి ఒక్క చోట కూడా అదుపు తప్పలేదు. బాలు గారికి రంగు తిరిగొచ్చింది. ఆయన వెల్లకిలా పడుకుని, తన పైన వంగి నడుస్తున్న అంకుల్‌ని చాలాసేపు చూశారు.

"అంకుల్, బరువుగా ఉన్నానా?"

"ఉండవా మరి. రాత్రి అంత అన్నం తింటే?"

"కాసేపు ఆగండి పోనీ."

"ఇప్పుడు ఆగితే మళ్ళీ లేవలేను బాబూ. పోనీ" అని, అంకుల్ రోడ్డు దాకా ఆగలేదు.

మర్నాడు సోబా నూడుల్స్ చేయడం. గట్టి పిండిని ఒంటి బరువంతా వేసి పిసకాలి. మొదలుపెట్టి ఎంతోసేపు కాలేదు, బాలు గారు చేతులు దులుపుకున్నారు. "నా వల్ల కావట్లేదండీ, నేను కాసేపు కూర్చుంటాను" అన్నారు అందరి ముందూ. ఆంటీ స్టూలు జరిపారు. ఆయన కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆయన వదిలేసిన పిండిని అంకుల్ దగ్గరికి లాక్కుని, మధ్యమధ్యలో మూలుగుతూ, నున్నగా పిసికి పెట్టారు.

ఆ మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకి బస్సెక్కాం. దూర ప్రయాణం. దారికి రెండు వైపులా మంచు గోడలు, లోపల వెచ్చని హీటరు. ఊరు దాటకముందే అందరూ నిద్రపోయారు. నేనూ పడుకున్నాను.

ఎక్కడో కుదుపుకి ఒక కన్ను తెరిచాను. బస్సు మొత్తంలో మెలకువగా ఉన్నది ఇద్దరే, డ్రైవరూ అంకులూ. అంకుల్ ముందు సీట్లో నిటారుగా కూర్చుని, డ్రైవరుకి కునుకు రాకుండా వచ్చీరాని జపనీస్‌లో కబుర్లు చెబుతున్నారు. తరవాత నెమ్మదిగా లేచి వచ్చి, హైమావతి ఆంటీ ఒళ్ళోంచి జారిన శాలువా భుజాల దాకా కప్పారు. బాలు గారి తల అద్దానికి కొట్టుకోకుండా మధ్యలో తన టోపీ మడిచి పెట్టారు. అక్కడి నుంచి ఇటు తిరిగారు.

నా తెరిచిన కన్ను ఆయన కళ్ళల్లో పడింది.

అంకుల్ గబుక్కున పక్కనున్న ఖాళీ సీట్లో కూలబడి, కళ్ళు మూసుకుని, గురక పెట్టడం మొదలుపెట్టారు. అంత అన్యాయంగా నటించే మనిషిని నేనెక్కడా చూడలేదు.