నాయనమ్మ గరిజెల పరీక్ష

నా చిన్నప్పుడు నాచారంలో జరిగిన ఈ ముచ్చటలో ప్రతి అక్షరం నిజం. మా నాయనమ్మ గరిజెల డబ్బా మీద ఒట్టు.

ఏడో తరగతికి వచ్చేసరికే నేను కడుపునొప్పుల్లో ఆరితేరాను. లెక్కల పరీక్ష ఉన్న రోజు తప్పకుండా ఒకటి వచ్చేది. నాయనమ్మ తిట్టేది కాదు, మందిచ్చేది కాదు. కొబ్బరీ బెల్లమూ కూరిన గరిజె ఒకటి తెచ్చి నా ముక్కు కింద పెట్టేది. నేను లటుక్కున నోట్లో వేసుకునేదాన్ని. “లే, బడికి నడువ్,” అనేది.

ఒకనాడు పొద్దున, అదీ లెక్కల పరీక్షనాడే, పొత్తికడుపులో కుడివైపు ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు నొప్పి పుట్టింది. వాంతులయ్యాయి. “గీ ఏషాలన్నీ లెక్కలనాడే యాదికొస్తయా?” అంది అమ్మ. నాయనమ్మ అలవాటుగా గరిజె తెచ్చింది. నేను మొహం తిప్పుకున్నాను. ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“ఓ కోడలా! పిల్ల గరిజె ఒద్దన్నది! గిది నిజం నొప్పే!”

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ వెంటనే నా బొడ్డు జారిందని తేల్చి, ఆముదం గిన్నెతో కడుపు తోమడానికి కూర్చుంది. ఫ్యాక్టరీ దవాఖానాలో నర్సుగా చేసే పక్కింటి అక్క నా కేకలు విని పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. “పిసకకు అవ్వా! లోపల ఏమైందో ఏమో. ఇప్పుడే పెద్ద దవాఖానకు పోవాలె.”

అక్క ఫ్యాక్టరీ లారీని ఆపించింది. హబ్సిగూడ దాటేలోపు నాయనమ్మ దేవుళ్ళందరికీ గరిజెలు మొక్కేసింది.

మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ అయిపోయింది. అండాశయం పక్కన నీటితిత్తి ఒకటి గుమ్మడికాయంత పెరిగి, ఆ బరువుకు అండాశయంతో సహా మెలిపడిందట. తిత్తినీ, ఆ అండాశయాన్నీ తీసేశారు. “చెడ్డ గడ్డ కాదు. రెండోవైపుది మంచిగున్నది, ఫికర్ చెయ్యకు అవ్వా. ఆలస్యం చేసుంటే మాత్రం పిల్ల దక్కకపోతుండె,” అంది డాక్టరమ్మ.

నాలుగోనాడు పొద్దున నేను నిద్ర లేస్తూనే గరిజె అడిగాను. నాయనమ్మ ఏడుస్తూ నవ్వుతూ వార్డంతా పంచిపెట్టింది.

ఇప్పుడు నాకిద్దరు పిల్లలు, ఇద్దరూ నన్ను మించిన అబద్ధాలకోర్లు. కడుపునొప్పి అన్నారంటే నేనూ ముందు గరిజె పెడతాను. తింటే చెవి మెలేస్తాను. వద్దంటే చెప్పులు వేసుకుంటాను. వంద అబద్ధాలు విన్నాక కూడా నూటొకటోసారి గరిజె పట్టుకొచ్చిన మనిషి వల్లే నేను బతికాను మరి.

ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. గుమ్మడికాయ నా కల్పన. డాక్టరమ్మ చెప్పింది కొబ్బరికాయంత అని. నేను చెప్పినప్పుడల్లా అది కాస్త పెరుగుతూ వచ్చింది. మిగతాదంతా నిజమే. అనుమానముంటే ఒక గరిజె పెట్టి చూడండి.