ఒళ్ళో టేపుల పెట్టెతో గురజాలకు

పాతికేళ్ళ కిందట మా నరసరావుపేట గ్రంథాలయం కోసం ఈపూరు వైపు మిరప చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ పాటలు రికార్డు చేశాను. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఎనిమిదేళ్ళ కిందట ఆ పాటల్ని మేమే కంప్యూటరు డేటా టేపుల్లోకి ఎక్కించి, భద్రపరిచే పని మాత్రం నగరంలోని ఒక కంపెనీకి అప్పగించాం. దాని పేరు రాయను. తిట్టినా అది వాళ్ళకు ప్రచారమే. పోయిన నెల పాటలు అడిగితే, టేపులు పాడయ్యాయని ఓ ఉత్తరం పెట్టి పెట్టె తిప్పి పంపారు. "పోతే పోయినయ్, ఎవరిక్కావాల ఆ పాటలు?" అన్నాడు మా అధ్యక్షుడు. గ్రంథాలయంలో ఆయన ఇంతవరకు చదివింది హాజరు పుస్తకం ఒక్కటే.

గురజాలలో టేపు మిషన్లు బాగుచేసే ఖాసింకు పని మార్చాలని ఆ కోపంతోనే బయలుదేరాను. ఉదయం ఆరున్నర బస్సు; పిడుగురాళ్ళలో మారాలి. మధ్యలో టిఫినుతో కలిపి మూడు గంటల పైన పట్టింది, ఖర్చు రెండు వందల లోపే. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏంది తాతా, మామిడికాయలా?" అంది కండక్టరమ్మ.

"ఆడవాళ్ళ గొంతులు."

"అంతమందికీ ఒక్క టికెట్టేనా?"

పదింటికి ఖాసిం కొట్లో కూర్చున్నాను. ఐదు టేపులు పెట్టాడు, ఐదింటినీ మిషను బయటికి తోసేసింది. "బూజు పట్టినయ్ మాస్టారూ. ఇయి రావు." పెట్టె అడుగున ఇంకో ఐదు టేపుల పొట్లం ఉంది. దానిమీద ఇంగ్లీషులో 'ఫేక్, వాడొద్దు' అని చీటీ.

"ఫేకంటారేంది? మీరేం రాశారు వీటిమీద?"

"నకలు అని."

ఖాసిం పగలబడి నవ్వాడు. "మా నాయన ఈ ఊరి కోర్టు కాడ నకళ్ళు రాసి మమ్మల్ని సాకాడు. నకలంటే కాపీ గదా! ఆళ్ళు నకిలీ అనుకున్నారు. ఒక్కసారన్నా మిషన్లో పెట్టి చూడలా!"

జేబులోని ఉత్తరం తీశాను. 'ఐదు నకిలీ టేపులు కూడా వాపసు' అని చివర్లో ఉంది. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ని, కోపంలో ఆ ఉత్తరం సగంలోనే మడిచేశాను.

నకలు టేపు కంప్యూటరులోకి దిగడానికి గంట పట్టింది. పాటకు ముందు నామీద ఒక కేక: "ఏమయ్యో, గట్టు మీద నిలబడి వింటే సరా? దిగి రెండు మొక్కలు పీకు!"

"ఎవురు మాస్టారూ?"

"సుబ్బమ్మ," అన్నాను. "ఆ చేలో పాడినామె."

ఆ రోజు నేను చేలోకి దిగలేదు. తరవాత నాలాగే గట్టు మీద నిలబడే కంపెనీకే ఆమె గొంతు అప్పగించి ఎనిమిదేళ్ళు నిశ్చింతగా ఉన్నాను. ఖాసిం దిగాడు. కృతజ్ఞత చెప్పడం నాకు అలవాటు లేని పని. అయినా అతనికీ, నకళ్ళు రాసిన వాళ్ళ నాయనకూ చేతులెత్తి మొక్కుతున్నాను. మీరూ ఇలాంటి పనిమీద బయలుదేరితే, పాత కంపెనీ గడప దాటకముందే ప్రతి టేపూ మీ ఎదుట మిషన్లో పెట్టించండి, ఫేక్ అని చీటీ ఉన్నవాటితో సహా.