గజ్జెల చప్పుడులో గాజు

మా అక్క మైలాపూరులో ఒక పాత ఇంటి కింది భాగంలో అద్దెకుంటూ పిల్లలకు నాట్యం నేర్పుతుంది. ముందు హాలులో పాఠం, వెనక గదిలో పడక. ఒక సాయంత్రం పాఠం నడుస్తుండగా ఎవరో వెనక గది కిటికీలో ఒక అద్దం పగలగొట్టి, లోపలికి చెయ్యి పెట్టి, గూట్లో ఉన్న ఫోను తీసుకుపోయారు. పోయింది ఫోను ఒక్కటే. కానీ ఆ కిటికీ కింద మంచం మీద మా మేనకోడలు పడుకుని ఉంది. దానికి మూడేళ్ళు. పాఠం ముగించి అక్క లోపలికి వెళ్ళేసరికి పిల్ల హాయిగా నిద్రపోతూనే ఉంది. దుప్పటి మీద గాజుముక్కలున్నాయి.

పిల్లకు గీత కూడా పడలేదు. చూడటానికి వచ్చిన కానిస్టేబులు, దొంగ సుత్తికో రాయికో గుడ్డ చుట్టి కొట్టి ఉంటాడని, అందుకే ఎవరికీ వినిపించలేదని చెప్పాడు. ఆయన ధైర్యం చెప్పాలనే అన్నాడు. అక్కకు అది ఎక్కలేదు.

"గోడకు ఈ పక్కనే ఉండాను రా నేను. ఆడ బిడ్డ నెత్తి మీద అద్దం పగిలితే నాకు వినపడలా. ఇంకెవరికి వినపడాల?" అంది.

అప్పటినుంచి పాఠం పాఠంలా సాగలేదు. తాళం వేసే కర్ర చెక్క మీద పడేసి అక్క మాటిమాటికీ వెనక గదిలోకి వెళ్ళి వచ్చేది. ఆమె వచ్చేదాకా పిల్లలు మోకాళ్ళు వంచి అలాగే నిలబడి ఉండేవాళ్ళు, తొడలు వణికిపోతూ. ఒక పిల్ల తల్లి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఏం టీచర్, భరతనాట్యం అని చేర్పిస్తే బ్రేక్ డాన్స్ నేర్పిస్తా ఉండారే" అంది. అక్క నవ్వింది. ఆమె వెళ్ళాక నాతో, "ఈ నెలతో ఆపేస్తా. నావల్ల కాలా" అంది. బావకు ఓడరేవులో షిఫ్టు పని, సాయంత్రాలు ఇంట్లో ఉండడు. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు మామి ఆ వేళకు కోవెలకు వెళ్ళిపోతుంది. బిడ్డను హాలులో పెట్టుకుంటే గెంతే కాళ్ళ మధ్యకు పరిగెత్తుతుంది. అంటే బిడ్డ ఆ గదిలో ఉండాలి, అక్క ఈ హాలులో ఉండాలి, రెంటి మధ్య నమ్మదగిన చెవి ఒకటి ఉండాలి.

నా ఉద్యోగమే అది. భవనాలకు భద్రతా పరికరాలు బిగించే కంపెనీలో పనిచేస్తాను. గ్లాస్ బ్రేక్ డిటెక్టర్ అంటే అరచేతిలో పట్టే తెల్లని పెట్టె. దానిలో మైకు ఉంటుంది. అద్దాన్ని కొట్టగానే ముందు అది వంగుతుంది, అప్పుడు ఒక మొద్దు శబ్దం వస్తుంది. వెంటనే పగులుతుంది, అప్పుడు సన్నని, పదునైన శబ్దం వస్తుంది. ఈ రెండూ ఈ వరుసలో, రెప్పపాటులో వినిపిస్తే పెట్టె రేడియో ద్వారా సైరన్‌ను నడిపే ప్యానెల్‌కు కబురు పంపుతుంది, సైరన్ మోగుతుంది. వైరు అక్కర్లేదు. మాకు కావలసింది కూడా అదే, ఎందుకంటే మామి గోడకు మేకు కొట్టనివ్వదు. "అంటించుకో తంబి, కొట్టాదే" అని ముందే చెప్పేసింది.

రెండువైపులా అంటుకునే టేపుతో పెట్టెను కిటికీ ఎదుటి గోడకు అంటించి, ప్యానెల్‌ను హాలులో పెట్టాను. గాజు పగిలే శబ్దాన్ని వినిపించే పరీక్ష యంత్రం తెచ్చి మోగించాను, పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. గిన్నెలు కింద పడేసి చూశాను, తలుపు దభాలున వేసి చూశాను, మేనకోడలి చేత కేకలు వేయించాను (అది సంతోషంగా వేసింది). అప్పుడు మాత్రం పెట్టె మౌనంగానే ఉంది. సాయంత్రం పాఠం కూడా కూర్చుని విన్నాను. పిల్లలు నేల అదిరేలా తట్టినా అది పలకలేదు. పరీక్షించాల్సిన శబ్దాలన్నీ పరీక్షించాననే అనుకున్నాను. కొన్ని వారాలు అక్క లేచి వెళ్ళడం తగ్గింది.

తరువాత గజ్జెపూజ వచ్చింది. అడుగులు కుదిరిన పిల్లలకు గురువు చేతుల మీదుగా మొదటిసారి గజ్జెలు కట్టే రోజు అది. అంతవరకు ఉత్త కాళ్ళతోనే నేర్చుకుంటారు. పూజకు నేనూ వెళ్ళాను, కొబ్బరిచిప్పలు పంచాను, ఫోటోలు తీశాను. ఆ కాళ్ళకు కట్టిన మువ్వలు చూసి కూడా నాకు ఏమీ తోచలేదు.

పూజ తరువాతి మొదటి పాఠంలో అక్క కర్రతో తాళం వేసింది. పిల్లలందరూ ఒకేసారి కాలు తట్టారు. నేల మొద్దుగా మోగింది, వెంటనే గజ్జెలు ఘల్లుమన్నాయి. అదే వరుస, అదే రెప్పపాటు. సైరన్ మోగింది.

అక్క కర్ర విసిరేసి పరిగెత్తిందట. గడప తగిలి పడిందట. నేను వెళ్ళేసరికి మోకాలికి పసుపు రాసుకుని, నిద్ర లేచి ఏడుస్తున్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మామి మెట్ల మీదనుంచి, "ఎన్నప్పా, మళ్ళీ తిరుడనా? లేదంటే నీ పెట్టెకు పైత్యమా?" అని అడిగింది.

"దొంగ కాదు మామీ, గజ్జెలు."

"గజ్జెలకే ఇట్లా అరిస్తే, తిరుడన్ వస్తే ఏం చేస్తుంది, పాట పాడుతుందా?"

పాఠం వేళ పెట్టెను ఆపేద్దామన్నాను. అక్క నావైపు చూసిన చూపుకు ఆ మాట సగంలోనే మింగేశాను. దొంగ వచ్చింది పాఠం వేళే కదా.

పోనీ పాఠం వేళ తలుపు మూసి ఉంచమన్నాను, గజ్జెల మోత తగ్గుతుందని. "తలుపు మూసి బిడ్డను ఆడ పెట్టి నేను ఈడ తెయ్యాతెయ్ అనాల్నా? మాట్లాడకు" అంది.

ఆఫీసుకూ ఇంటికీ మధ్య లోకల్ రైలులో అదే ఆలోచన. ఇంకో చిక్కు కూడా అప్పుడే తట్టింది. భయంతో అక్క ఆ కిటికీకి మందపాటి తెర వేసింది, తెర గాజు శబ్దాన్ని తాగేస్తుంది. పెట్టె ఎదుటి గోడకుంటే గజ్జెలు బాగా వినిపిస్తాయి, గాజు సరిగా వినిపించదు. అంటే అది ఉండకూడని చోటే ఉంది. మరునాడు దాన్ని తీసి తెరకు వెనక, కిటికీ పక్కనే ఉన్న గోడకు అంటించాను. వినే శక్తిని బాగా తగ్గించాను. పిల్లలు గజ్జెలతో పాఠమంతా ఆడారు, తలుపు తెరిచే ఉంది, పెట్టె పలకలేదు.

అసలు భయం నాకు అక్కడ పట్టుకుంది. అది గజ్జెలు కావని తెలుసుకుని ఊరుకుందా, లేక ఏదీ వినలేని స్థితికి వచ్చి ఊరుకుందా? పరీక్ష యంత్రానికి పచ్చదీపం వెలిగింది, నిజమే. కానీ యంత్రంలో ఉన్నది ఎక్కడో పగిలిన పెద్ద అద్దం శబ్దం. ఈ కిటికీ పాతకాలపుది, చెక్క చట్రంలో చిన్నచిన్న అద్దాలు. చిన్న అద్దం పెద్దదాని అంతగా వంగదు, మొద్దు శబ్దం సరిగా రాదు. పైగా గుడ్డ చుట్టిన దెబ్బ. పెట్టె వెంట వచ్చిన కాగితం మరీ చిన్న అద్దాల విషయంలో భరోసా ఇవ్వదు. ఇవన్నీ అక్కకు చెప్పకుండా దాచవచ్చు. దాచితే ఆమె నా మాట మీద బిడ్డను వదిలి పాఠం చెబుతుంది.

చెప్పాను. నిజంగా ఒక అద్దం పగలగొట్టి చూస్తే తప్ప తెలియదన్నాను.

"ఇంట్లో అద్దం పగలగొడతావా? గజ్జెపూజ అయిన ఇల్లు రా ఇది."

"బయటినుంచి పగలగొడతా."

"బయట అయితే దోషం లేదా? ఎవడు చెప్పె నీకు, మీ కంపెనీ అయ్యవారా?"

 తరువాత తనే అంది: "పాఠం నడిచేటప్పుడే కొట్టు. ఎప్పుడు కొడతావో నాకు చెప్పొద్దు."

ఒప్పించడానికి మామి దగ్గరకూ తనే వెళ్ళింది. మామి ఆ సాయంత్రం కోవెల మానుకుని పిల్లను పైన పెట్టుకుంది. మంచం ఎదుటి గోడకు జరిపి, గదంతా పాత దుప్పట్లు పరిచాను. కళ్ళకు రక్షణ అద్దాలు, చేతులకు తొడుగులు వేసుకుని, సుత్తికి తువ్వాలు రెండు మడతలు చుట్టి సందులోకి వెళ్ళాను. ఎదురింటాయన స్కూటరు తుడుస్తూ ఆగిపోయాడు. "మా అక్క ఇల్లేనండి, పరీక్ష చేస్తున్నాను" అన్నాను. దొంగ కూడా అలాగే అంటాడేమో అన్నట్టు చూశాడు.

లోపలినుంచి పాఠం వినిపిస్తోంది. కర్ర చప్పుడు, అక్క గొంతు, అడుగులు, గజ్జెలు. చెయ్యెత్తాను, దించాను. మోగకపోతే ఏం చెప్పాలో అనుకోలేదు. మోగకపోతే పాఠం ఆగిపోతుంది, అంతే, నేను చెప్పడానికి ఏమీ ఉండదు. తాళం వేగం పెరిగింది. అన్ని కాళ్ళూ ఒకేసారి పడే చోటు చూసుకుని కొట్టాను.

అద్దం పెద్ద చప్పుడు లేకుండానే పోయింది. ముక్కలు దుప్పట్ల మీద పడ్డాయి. గజ్జెల మోతలో నాకే, చేతిలో సుత్తి పట్టుకున్న నాకే, సరిగా వినిపించలేదు.  అంతలో సైరన్ మోగింది.

లోపల పిల్లలు సంతోషంగా కేకలు వేశారు. పైనుంచి మామి, "పాడిందప్పా!" అని అరిచింది. నేను సుత్తి కింద పెట్టి గోడకు ఆనుకున్నాను.

సైరన్ ఆగింది. అక్క వెనక గదిలోకి వచ్చి తెర తీసి, విరిగిన గడిలోంచి నన్ను చూసింది. ముఖం పాలిపోయి ఉంది.

"కొట్టేసినావా?"

"కొట్టాను."

"ఎప్పుడు?"

"సైరన్‌కు ముందే కదా అక్కా, అప్పుడే."

"చెవులు రిక్కించుకుని ఉండాను రా. ఇయ్యాల పాఠమంతా దీని కోసమే వింటా ఉండాను. ఏమీ వినపడలా." ఆగి, మళ్ళీ అంది: "వింటా ఉన్నా వినపడదు, కదా?"

"వినపడదక్కా. నాకే వినపడలేదు."

ఆమె ఆ గడి అంచును చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పమిట చెంగుతో ముక్కు తుడుచుకుని, "గాజుముక్కలన్నీ బాగా ఏరు, బిడ్డ ఉత్త కాళ్ళతో తిరుగుతుంది. రేపే అద్దం పెట్టించు" అని చెప్పి హాలులోకి వెళ్ళిపోయింది.

నేను లోపలికి వచ్చి దుప్పట్లు మడిచి, తడిగుడ్డతో నేల తుడిచాను. బ్యాటరీ చూశాను, సిగ్నలు చూశాను. గోడకు అంటించిన టేపు ఎండకు వదులవుతుందేమో అని వేలితో నొక్కి చూశాను. ఆ భయాలు నాకు అలాగే మిగిలాయి. హాలులో కర్ర చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆగుతుందని చూస్తూ కూర్చున్నాను, ఆమె లేచి వస్తుందని. పాఠం ముగిసేదాకా ఆ చప్పుడు ఆగనే లేదు.